ట్యాంకులాయన చెయ్యి

“మంచోడే గానీ, ఆ యేడు వాషరు ఎయ్యడం మర్సిపోయి బోటు బోల్తా కొట్టించీసినాడు.”

మొన్న వేసవిలో ట్యాంకులాయన పోయిన రోజు పొద్దున, రేవులో చేపల ఐసు గది అరుగు మీద కూర్చున్న మగవాళ్లు ఆయన గురించి అనుకున్నది ఇంతే. ఒకరు అన్నారు, మిగతావాళ్లు తలలూపారు, బీడీలు వెలిగించుకున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా మా రేవులో ప్రతి బోటు డీజిలు ట్యాంకులోనూ భుజం దాకా చెయ్యి పెట్టి కడిగిన మనిషికి ఆఖరికి మిగిలింది ఒక రబ్బరు వాషరు. పోనీ అదైనా ఆయన మర్చిపోయిందా అంటే, కాదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నేను మాటకారిని. అంగన్‌వాడీలో పాతిక మంది పిల్లల్ని నోటితోనే కట్టేస్తాను. మా వీధిలో నాతో తగువు పెట్టుకోవాలంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు. అలాంటిదాన్ని ఒక్క మాట మాత్రం పన్నెండేళ్లు మింగి కూర్చున్నాను.

ఆయనకి ఒక పేరుంది. నాకు తెలుసు గానీ రాయను. బతికుండగా ఎవరూ పిలవని పేరు, పోయాక పిలిస్తే వేళాకోళంలా ఉంటుంది. వంశధార సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో మా రేవు. అక్కడ అందరూ అందరికీ చుట్టాలే. బావ, మావ, వదిన, సిన్నాన - ఎవరెదురొచ్చినా పిలవడానికి ఒక వరస ఉంటుంది. ఆయనకి లేదు. కుర్రతనంలో ఒరిస్సా వైపు నుంచి ఏదో పెద్ద బోటు మీద కూలికి వచ్చాడట. జ్వరం తగిలితే ఇక్కడ దింపేసి వాళ్లు వెళ్లిపోయారట. అలా ఉండిపోయాడు. అందుకని ‘ఒరే ట్యాంకూ’, ‘ట్యాంకులోడా’. కాస్త మర్యాద తెలిసినవాళ్లకి ‘ట్యాంకులాయన’. ఆయన మాత్రం చంటిపిల్ల నుంచి ముసలమ్మ దాకా అందరినీ ‘తల్లీ’ అనే పిలిచేవాడు.

సన్నటి మనిషి. రెండు చేతులూ ఒకే మనిషివి అనిపించేవి కావు. ఎడమ చెయ్యి మామూలుగానే ఉండేది. కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి కిందికి ఒక్క వెంట్రుక లేకుండా, నున్నగా, నల్లగా, గోళ్లు తెల్లబోయి ఉండేది. అన్ని ట్యాంకుల డీజిలూ ఆ చేతి మీదుగానే పోయింది మరి. ఆ వాసన ఆయనకంటే నాలుగడుగులు ముందే వచ్చేది. పెళ్లి భోజనాల్లో బంతి చివర కూర్చునేవాడు, పక్క విస్తరి ఖాళీగా ఉండేది. నా పెళ్లి విందులోనూ అలాగే కూర్చుంటే, ఆ పక్కన ఎవరూ ఎందుకు కూర్చోలేదని అడిగాను. నా పెనిమిటి ముక్కు మూసుకుని చూపించాడు.

“సబ్బు మార్సగలను గానీ తోలు మార్సలేను గదా తల్లీ” అనేవాడు తర్వాత్తర్వాత, తనే నవ్వుతూ. ఆయన భార్య ఎప్పుడో పోయింది. పోయే ముందు ఆవిడ ఒకే మాట అందట: “నీ పక్కన తొంగుంటే బోటులో తొంగున్నట్టే ఉంటాది.” అది తిట్టో మెచ్చుకోలో అడిగేలోపే ఆవిడకి మాట పడిపోయిందని చెప్పేవాడు. ఈ ముక్క నాకు కనీసం పదిసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ, “ఏటనుకుని అన్నాదంటావు?” అని నన్నడిగేవాడు. మెచ్చుకోలేనని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని.

ఇంజను దగ్గుతోందనీ తెల్ల పొగ వస్తోందనీ ఎవరైనా పిలిస్తే, ఆయన ఇంజను వైపు చూసేవాడే కాదు. ట్యాంకు అడుగు నుంచి సన్న గొట్టంతో కాస్త డీజిలు లాగి, ఒక పాత తేనె సీసాలో పట్టి, కదలని చోట పెట్టేసి వెళ్లిపోయేవాడు. బోటు కలవాడు వెనకాలే పరిగెత్తేవాడు.

“ఎల్లిపోతన్నావేటి? మరి పని?”

“రేపొస్తాను. నీరు దిగాల.”

“బేగి సూసీరాదేటి?”

“నీటికి టయిమియ్యాల. ఇప్పుడు సూసినావా, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తాది.”

మర్నాడు సీసాలో డీజిలు పైకి తేలి, నీరు అడుక్కి దిగి, ఆ రెంటి మధ్యన గోధుమరంగు జిగురు ఒకటి తెట్టె కట్టి ఉండేది. అప్పుడు మొదలెట్టేవాడు. పదిగజాల్లో బీడీ ముట్టించనిచ్చేవాడు కాదు. ఉన్న డీజిలంతా గుడ్డలో వడకట్టి డ్రమ్ముల్లోకి తీసేవాడు. ట్యాంకు నెత్తిన ఉన్న పలక బోల్టులు విప్పి, లోపలి ఆవిరి పోయేదాకా దూరంగా కూర్చునేవాడు. తర్వాత బోర్లా పడుకుని, ఆ కంతలోకి కుడి చెయ్యి భుజం దాకా దింపి, మొహం పక్కకి తిప్పి కళ్లు మూసుకునేవాడు. ఇక చెప్పడం మొదలయ్యేది.

“తుప్పు... పొర కట్టీసినాది. ఇది జిగురు. ఇదిగో, ఇసక. ఇసకెలగొచ్చినాదిరా? డబ్బా ఒడ్డు మీద పడీసి, అడుగు తుడవకండా ఎత్తి ఒంపీసినారు. అవునా కాదా?”

అవుననే అనేవాళ్లు. వేళ్లతో అంత తెలియడం చూసి మొదట్లో నేను నోరు తెరిచేదాన్ని. ట్యాంకు అడుగు గోకడానికి ఇనుము వాడేవాడు కాదు, వెదురు చెక్కతోనే. తుడవడానికి పాత పొందూరు పంచె ముక్కలే కావాలి. కొత్త గుడ్డ నూగు వదులుతుందట, ఆ నూగు పోయి గొట్టంలో అడ్డుపడుతుందట. అందుకోసం పనిగట్టుకుని పొందూరు వెళ్లి, ముసలాళ్లున్న ఇళ్లల్లో చిరిగిన పంచెలు అడిగి తెచ్చుకునేవాడు. చింపే ముందు ఎవరిదని అడిగి, పోయినవాళ్లదైతే ఒక దణ్ణం పెట్టి చింపేవాడు. కాపరానికొచ్చిన కొత్తలో నా పెట్టెలో మా తాత పంచె ఒకటుంటే ఇచ్చాను. మూడో రోజున వచ్చి, “మీ తాత మంచోడు తల్లీ, ఒక్క పోగూడనేదు” అన్నాడు. మా తాతకి అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు, బతికుండగా కూడా.

వేసవిలో రెండు నెలలు సర్కారు వేట ఆపేస్తుంది కదా. ఆపే ముందు ట్యాంకులు నిండుగా పోసి ఉంచమని ఏడాదేడాదీ చెప్పేవాడు. ఎవరూ వినేవారు కాదు. “సగం ఖాళీగా ఒగ్గీసినారా, ఆ ఖాళీలో సెమ్మ పడతాది. ఖాళీ ఉన్నకాడికి నీరే సేరతాది. ట్యాంకైనా అంతే, కొంపైనా అంతే” అని ఒక్కడే నవ్వుకునేవాడు. ఎదుటివాళ్లకి అందులో నవ్వేముందో తెలిసేది కాదు. నాకూ అప్పుడు తెలియలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. మాది గజపతినగరం దగ్గర మెట్ట ఊరు. విజయనగరంలో డిగ్రీ చదువుతుండగా నా పెనిమిటితో పరిచయమైంది. వాళ్లది వేట కులం, మాది వ్యవసాయం. పెళ్లి చేసుకున్నాక మా నాన్న ఒకే మాట అన్నాడు: “ఈ గడపలోకి మళ్లీ రాకు.” నేనూ పంతం గల పిల్లనే, వెళ్లలేదు. అత్తవారింట్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గానీ, ‘మెట్ట పిల్ల’ అని వెనకాల అనుకునేవారు. మంచి కోడలినని అనిపించుకోవాలని నాకు తెగ ఆరాటంగా ఉండేది. అందరికంటే ముందు లేచేదాన్ని, అందరికంటే ఎక్కువ చేసేదాన్ని.

మా బోటు అప్పటికే పాతది. విశాఖ వైపు ఎవరో వాడి వదిలేసిన చెక్క మోటారు బోటుకి మా మావగారు ఫైబరు పూత వేయించి తెచ్చారు. వెనక పలకల కింద ఇనప ట్యాంకు. డీజిలు పోసే మూత మాత్రం పైన, పలకల్లోకి దిగేసిన చిన్న గిన్నెలాంటి గుంటలో ఉంటుంది. ఆ ఏడు నిషేధం అయిపోయే వారంలో ట్యాంకులాయన మా ట్యాంకు కడిగాడు. మా తాత పంచెతోనే.

వేట మొదలయ్యే రోజు పొద్దున బోటుకి గంగమ్మ పూజ చేస్తారు. ఇంటి ఆడది పసుపు నీళ్లు వేపరెబ్బతో బోటు మీద చిలకరించాలి. ఆ ఏడు మా అత్తకి ఒళ్లు వెచ్చబడింది. “నువ్వెల్లి నీల్లు జల్లీసి రాయే” అంది నాతో. నాకు పండగొచ్చినట్టయింది. మా ఊళ్లో దుక్కికి ముందు ట్రాక్టరుకి బిందెలతోనే పోస్తాం, ఎంత పోస్తే అంత మంచిదంటారు. బోటుకి ఇంకెంత పోయాలి? పసుపు కలిపి, గుప్పెళ్లతో అక్షింతలు వేసి, మూడు బిందెలు మోసుకెళ్లాను. రేవులో అప్పటికింకా ఎవరూ లేరు. బోటు ముక్కు నుంచి వెనక పలకల దాకా, ఒక్క చోటు వదలకుండా తలంటు పోసినట్టు పోశాను. గంగమ్మ తల్లీ, నన్ను ఈ ఇంటి పిల్లని చెయ్యమని పైకే అన్నాను.

నాకు తెలియనిది ఏమిటంటే, నా పెనిమిటి నాకంటే ముందే వచ్చి ఒక డబ్బా డీజిలు పోసి, ఇంకో డబ్బా తేవాలి కదా అని మూత బిగించకుండా ఊరికే పెట్టి వెళ్లాడు. గుంటలో నిలిచిన నా పసుపు నీళ్లు తాపీగా లోపలికి దిగాయి. అతను వచ్చి రెండో డబ్బా పోశాడు, మూత గట్టిగా బిగించాడు. కొబ్బరికాయ కొట్టారు. బోటు బయల్దేరింది.

మొగ దాటేచోట, రెండు కెరటాల మధ్య, ఇంజను ఆగిపోయింది. అక్కడ ఇంజను ఆగితే ఇక దేవుడే దిక్కు. బోటు అడ్డం తిరిగి ఇసుక దిబ్బ మీదకి పడింది. నలుగురూ ఈది ఒడ్డు పట్టారు గానీ, నా పెనిమిటి కుడి కాలు బోటు అంచు కింద పడి రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ కుంటుతాడు. ఆ రోజు ఒడ్డున నిలబడి చూసినదాన్ని నేను. ఆ రాత్రి నుంచే వీధిలో మొదలైంది: “మెట్ట పిల్ల కాలెట్టినాది, ఇంకేటవుతాది.”

నాలుగో రోజున బోటుని ఉప్పుటేట్లోకి లాగి, మావగారు ట్యాంకులాయనకి కబురు పెట్టారు. నా పెనిమిటి శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నాడు, మావగారు అక్కడే ఉన్నారు. ఇంట్లో ఉంటే మా అత్త మొహం చూడలేక నేనే వచ్చి ఆయనకి సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆయన పలక విప్పాడు. చెయ్యి దింపాడు, కళ్లు మూసుకున్నాడు.

“తుప్పు కాదు. మొన్నే గదా కడిగినాను. ఇసక కాదు...” ఆగాడు. “కణ?” అన్నాడు, ఇదేమిటని. నిజంగా ఆశ్చర్యం వేసినప్పుడు ఆయనకి ఒడియా వచ్చేది.

చెయ్యి పైకి తీసి, అరచెయ్యి విప్పాడు. ఐదారు బియ్యపు గింజలు. నాని, ఉబ్బి, పచ్చగా ఉన్నాయి.

నేను వేసిన అక్షింతలే అవి. ఆయన ఆ గింజల వంక చూశాడు, గోరు సందుల్లో ఇంకా పసుపు వదలని నా చేతుల వంక చూశాడు.

“ఏటి సేసినావు తల్లీ?”

చెప్పాను. మూడు బిందెల సంగతీ చెప్పాను. తిడతాడనుకున్నాను.

“మూడు బిందెలా!” అన్నాడంతే. మూత గుంట తడిమి చూశాడు. “మీ ఆయన మూత ఊరకే ఎట్టీసుంటాడు. నువ్వు పోసీసుంటావు. ఇద్దరూ కుర్రోలే.”

“మావగారొచ్చాక చెప్పీస్తాను.”

“సెప్పు. సెప్పీసి ఎక్కడికెల్తావు?”

నేను చేతిలో సీసా వంక చూశాను.

“మీ అయ్య తలుపు తీస్తాడేటి?”

తియ్యడు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆయన వంగి, గింజలున్న చెయ్యి ఉప్పుటేట్లో కడుక్కున్నాడు. “గంగమ్మకేసినవి గంగమ్మకే పోనీ” అన్నాడు. తర్వాత ట్యాంకు మూత చేతిలోకి తీసుకుని, దాని కింద ఉన్న రబ్బరు వాషరు బొటనగోరుతో లేపి ఊడదీశాడు. మొన్న తను కొత్తగా వేసిన వాషరే అది. దాన్ని గిరాటేస్తే వెళ్లి ఏటి మధ్యలో పడింది.

“ఏటిది?” అన్నాను.

“నాను మర్సిపోనాను. కడిగినాక వాషరు ఎయ్యనేదు. కెరటం నీరు మూతలోంచి దిగిపోనాది. నీకేటీ తెలీదు. సీసా అట్టుకుని నిలబడు, అంతే.”

“మీకెందుకు ఈ మాట?”

“నాకు కులమా, సుట్టమా? నాలుగు రోజులు తిడతారు. మళ్లీ ట్యాంకు పాడైనప్పుడు నానే గావాల గదా, పిలుస్తారు.”

మర్నాడు మావగారు వచ్చారు, ఆయనతో మరో నలుగురు పెద్దలు. ట్యాంకులాయన మూత చూపించి, నాదే తప్పు అన్నాడు. మావగారు ఏమీ అడగలేదు, చాచి ఒక్కటి కొట్టారు. ఆయన తలకి చుట్టుకున్న గుడ్డ ఊడి నా కాళ్ల దగ్గర పడింది. మా తాత పంచె ముక్క అది. నేను సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెప్పినట్టే నిలబడ్డాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జన్మలో నేను ఇంకొకటి చెయ్యలేదు.

నాలుగు రోజుల్లో మర్చిపోతారని అన్నాడు కదా. ట్యాంకు అడుగున ఏముందో వేళ్లతో చెప్పగలిగిన మనిషి, మనుషుల విషయంలో ఇంతగా పొరబడ్డాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఇంజను బాగుచేసే కుర్రాళ్లు ఎవరో మందు పోసి ట్యాంకు కడగడం మొదలెట్టారు, అది చాలనుకున్నారు. ఆయన పల్లెలంట తిరిగి పొలాల్లో పంపుసెట్ల ట్యాంకులు, కల్యాణ మండపాల జనరేటర్లు కడిగేవాడు. అదీ దొరికినప్పుడు. ఐసు గది వెనక ఒంటి గది ఆయనది. నేను అంగన్‌వాడీకి అటుగానే వెళ్తాను. కిటికీలో తేనె సీసా ఉండేది. అందులో ఉప్పునీరూ డీజిలూ పోసి, తనే గిలకొట్టి, కిటికీలో పెట్టి, రెండూ విడిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. మర్నాడు మళ్లీ గిలకొట్టేవాడు. అది చూసిన రోజు నేను పిల్లలకి పాట సరిగ్గా చెప్పలేకపోయాను.

నాకూ ఆయనకీ మధ్య ఒకే ఒక్క భాష మిగిలింది. ఏటా పూజ రోజున, అత్త నాకే అప్పజెప్పిన నీళ్ల చెంబుతో నేను బోటు దగ్గర నిలబడితే, ఆయన దూరంగా ఐసు గది గోడని ఆనుకుని నిలబడేవాడు. జనంలోకి వచ్చేవాడు కాదు. నేను అటు చూడగానే కుడి అరచెయ్యి కిందికి వాల్చి, గట్టిగా నొక్కినట్టు చేసి, పక్కకి తిప్పేవాడు. మూత బిగించావా అని. నేను వంగి మూత నొక్కి, తిప్పి చూసి, తలూపేదాన్ని. అప్పుడు వెళ్లిపోయేవాడు. ఏటా ఇంతే, ఒక్క మాట కూడా లేకుండా.

ఒకసారి, అయిదారేళ్ల కిందట, శ్రీకాకుళం నుంచి వచ్చే ఆటోలో ఎదురెదురుగా కూర్చున్నాం. మిగతావాళ్లు దిగిపోయాక అడిగాను.

“ఇప్పుడైనా చెప్పీనా? మా ఆయనకి మాత్రమే చెప్తాను.”

బయటికి చూస్తూ అన్నాడు: “ఇప్పుడు సెప్తే నాను తిన్న దెబ్బ ఉత్తిదైపోతాది తల్లీ. ఉండనీ.”

ఆ మాట నాకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది. ఆయనే వద్దన్నాడు కదా అని ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. నోరు మూసుకోవడానికి సాకు దొరికితే ఎంత మాటకారైనా మూగదైపోతుంది.

మొన్న వేసవిలో మా అత్తకి కళ్ల ఆపరేషన్ అయితే వారం రోజులు విజయనగరంలో ఉండిపోయాను. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున అటు వెళ్తే ఐసు గది ముందు జనం. ఆయన రెండు రోజులుగా జ్వరంతో పడి ఉన్నాడట, ఎవరూ చూడలేదట. బయట పాత బోటు పలక మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యి పలక మీంచి కిందికి జారి ఉంది. అరుగు మీద మగవాళ్లు ఆ వాషరు మాట అనుకుంటున్నారు.

సాగనంపే ముందు స్నానం చేయించాలి. ఆ నీళ్లు అయినవాళ్లు పోస్తారు. బిందెలో నీళ్లు తెచ్చి పెట్టారు, అందులో పసుపు కలిపారు, అక్కడ ఆగిపోయింది.

“ఎవులు పోస్తారు?”

“ఈయనకెవులున్నారు? ఎవులో ఒకలు పోసీండి.”

ఎవరూ కదలలేదు. మావగారు కూడా అక్కడే ఉన్నారు, నా పెనిమిటి ఉన్నాడు. నేను వెళ్లి బిందె ఎత్తాను.

“నీకేటవుతాడే ఆయన?” అన్నాడు నా పెనిమిటి.

వరస అడుగుతున్నాడు. చెప్పడానికి వరస లేదు. ఉన్న జవాబే చెప్పాను. “ఆయన వాషరు మర్చిపోలేదు. కొత్తది వేశాడు. ఆ రోజు పొద్దున నేనే మూడు బిందెల నీళ్లు పోశాను, అక్షింతలేసి. మూత ఊరికే పెట్టుంది. ట్యాంకులో గింజలు దొరికాయి. నన్ను ఇంట్లోంచి పంపీస్తారని ఆయనే వాషరు పీకి ఏట్లో పారేశాడు. నా కళ్ల ముందే.”

నేను ముందు ఆ కుడి చేతి మీద నీళ్లు పోశాను. జారిన చేతిని ఎత్తి, పలక మీద పెట్టి, మళ్లీ పోశాను. పసుపు నీళ్లు ఆ నల్లటి తోలు మీద ఎక్కడా నిలవలేదు, నూనె మీద పోసినట్టు జారిపోయాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

అరుగు మీంచి ఒక ముసలాయన మాత్రం అన్నాడు: “ఇప్పుడు సెప్పి ఏటి నాభం?”

లాభమేమీ లేదు, నిజమే. మావగారు లేచి వెళ్లిపోయారు. అప్పుడు ఆయన్ని కొట్టిన చేతిని తువ్వాలు కింద దాచుకుని నడవడం నేను చూశాను. నా పెనిమిటి నా మొహం చూడలేదు. ఆ మూత ఊరికే పెట్టి వెళ్లింది తనేనని అతనికి అప్పుడే అర్థమై ఉంటుంది. కానీ పాడె ఎత్తేటప్పుడు ముందుకొచ్చి ఒక కొమ్ము భుజానికెత్తుకున్నాడు. కుంటుతూనే శ్మశానం దాకా మోశాడు, మార్చుకుంటానని ఎవరొచ్చినా ఇవ్వలేదు.

నన్ను ఇంట్లోంచి ఎవరూ వెళ్లగొట్టలేదు. పన్నెండేళ్ల తర్వాత వెళ్లగొట్టాలన్నా నేనిప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. కానీ ఇంట్లో నా గిన్నె చప్పుడు నాకే వినిపిస్తోంది. నా పెనిమిటి కావలసినంత వరకే మాట్లాడుతున్నాడు. ఒక రోజు అన్నం ముందు కూర్చుని, “నాకు కూడా సెప్పనేదేటే?” అన్నాడు. కంచం ముట్టుకోకుండానే లేచిపోయాడు. ఖాళీ ఉన్నచోటికి నీరే చేరుతుందని ఆయన ఎందుకు నవ్వేవాడో ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన పోయిన పదిహేను రోజులకి వేట మొదలైంది. పూజకి నీళ్ల చెంబు మా అత్త నా చేతికివ్వలేదు. తిట్టలేదు, వద్దనలేదు. కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని, తడుముకుంటూ వెళ్లి, చెంబు మా మరిది భార్య చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఈ ఏడే కాపరానికొచ్చింది. అది నా వైపు బెదురుగా చూసింది. తీసుకోమని తలూపాను.

బోటు చుట్టూ జనం చేరారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వెనక్కి నడిచి, ఐసు గది గోడని ఆనుకుని నిలబడ్డాను. గోడ మీద ఆయన భుజం ఆనే చోట డీజిలు మరక ఇంకా ఉంది. అక్కడి నుంచి చూస్తే బోటు చిన్నదిగా కనిపిస్తుంది, మాటలు వినిపించవు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఇన్నేళ్లూ ఆయన చూసింది ఇదన్నమాట.

మరిది భార్య వేపరెబ్బ చెంబులో ముంచి, చిలకరించబోయి, ఎందుకో తలెత్తి నా కోసం వెతికింది. నేను కుడి అరచెయ్యి కిందికి వాల్చి, గట్టిగా నొక్కి, పక్కకి తిప్పాను.

దానికి ముందు అర్థం కాలేదు. మళ్లీ చేసి చూపించాను. అప్పుడు వంగి, మూత మీద చెయ్యి వేసి నొక్కింది. పక్కకి తిప్పితే మూత ఇంకాస్త బిగిసింది.